అయిదు గుండీలు

యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ముప్ఫై ఆరు మిషన్లున్నాయి. అన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట చెవిన పడదు. కానీ కటింగ్ మాస్టరు నోరు తెరిచాడంటే ముప్ఫై ఆరో మిషను మీదున్న ఆవిడకు కూడా అక్షరం పొల్లుపోకుండా వినిపించేది. అందుకే ఆయనకు టపాకాయ మాస్టరు అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కోప్పడకపోగా లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. అదీ ఆయన వరస.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. పొడవాటి బల్ల మీద వంద పొరల గుడ్డ పరిచి, పైన చాక్ ముక్కతో గీతలు గీసి, కరెంటు కత్తి నడిపాడంటే పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల. పని నేర్పింది సొంత చిన్నాన్న. "ఎదుటివాడు వణికితేనే మన గీత తిన్నగా వస్తుందిరా" అని ఆయన సిద్ధాంతం. పనితో పాటు తిట్లు కూడా నేర్పాడు. మన మాస్టరు రెండూ శ్రద్ధగానే నేర్చుకున్నాడు.

చిక్కేమిటంటే, గుడ్డ పరవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బల్లకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉండాలి. ఆ చివర మనిషే నిలవడం లేదు. మూడేళ్ళలో ఏడుగురు మారారు. ఒకాయన టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ ఇటు మొహం చూపించలేదు, బల్ల కింద చెప్పులు కూడా వదిలేసి పోయాడు. ఇంకొకావిడ వెళ్ళి సబ్బుల కార్ఖానాలో చేరింది. అక్కడి ఘాటుకి రోజంతా తుమ్ములేనట, అయినా మాస్టరు కంటే నయమేనని కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది.

ఏడో మనిషి వెళ్ళిపోయిన రోజు సాయంత్రం కార్ఖానా ఓనరమ్మ మాస్టరుని తన గదిలోకి పిలిచింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టిందంటేనే విషయం ముదిరిందని అర్థం. ఆ రోజు తుడిచిందే తుడిచింది.

"మాస్టరూ, మీ చెయ్యి బంగారం. కాదనను. మీ నోటితోనే నేను వేగలేకపోతున్నాను. సోమవారం ఎనిమిదో మనిషి వస్తోంది. మీ మూలంగా ఆవిడ మానేసిన రోజున మీరు కూడా మానేయండి. ఇక మీ ఇష్టం."

మాస్టరు గుండెల్లో రాయి పడింది. యాభై రెండేళ్ళ వయసులో ఇంకో బల్ల వెతుక్కోవాలా? ఇంకో బల్ల దొరికినా, దానికీ ఆ చివర ఒక మనిషి ఉంటారు కదా!

ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పాడు. ఓదారుస్తుందేమోనని చూశాడు పాపం. ఆవిడ గిన్నెలు సర్దుతూ, "ఈ మాట అనడానికి ఆవిడకి ఇరవై ఆరేళ్ళు పట్టిందా? ఎంత ఓపికమ్మా!" అంది. పేపరు వెనకనుంచి మావగారు దగ్గాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరై, కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"అల్లుడుగారూ, ఆదివారం నాతో హాలుకి రండి. మా భంతే గారు మాట్లాడతారు. వింటే పోయేదేముంది?"

"మీరక్కడ కూర్చుని నిద్రపోతారట కదా మావయ్యా?"

"దాన్ని ధ్యానం అంటారు. బయటినుంచి చూసేవాళ్ళకి తేడా తెలియదు లెండి."

ఆ హాలు టైర్ల కొట్టు మీద మేడ. చాపలు, ఒక మూల బుద్ధుడి బొమ్మ, కిటికీలోంచి రబ్బరు వాసన. అందరూ భంతే అని పిలిచే ఆ ముసలి భిక్షువు కాషాయం కట్టకముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడట. లైను కలవని ప్రతివాడూ ఆయన్నే తిట్టేవాడు. అందుకని తిట్ల గురించి ఆయన చెప్పేది పుస్తకం చూసి చెప్పినట్టు ఉండదు. మాస్టరు తన గోడంతా వెళ్ళబోసుకుంటే ఆయన హాయిగా నవ్వాడు.

"కోపం రాకుండా చేసే మందు నా దగ్గర లేదు నాయనా. ఇప్పటికీ ఈ టైర్ల కొట్టాయన హారన్ కొడితే నాకు వస్తుంది. నోరు తెరిచే ముందు మాటను అయిదు రకాలుగా పరీక్షించుకోమన్నాడు బుద్ధుడు. ఇది సమయమేనా? నిజమేనా? మెత్తగా ఉందా? పనికొస్తుందా? మంచి మనసుతోనే అంటున్నానా? అయిదింటికీ అవునంటే అను. లేకపోతే నీ దగ్గరే ఉంచుకో. శ్వాసని కూడా గమనిస్తూ ఉండు, కాస్త నిలకడ వస్తుంది."

"అయిదా! అన్నీ గుర్తుండాలంటే ఎలా స్వామీ?"

"కొలతలు ఎన్ని గుర్తుంటాయి నీకు? కాలరు, ఛాతీ, చెయ్యి, పొడుగు..."

మాస్టరు అయిదూ వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ మేడ దిగాడు. మర్నాడు కార్ఖానాకి వెళ్ళగానే గుండీల పెట్టె ముందు కూర్చుని అయిదు ఏరుకున్నాడు. కంటితో చూడకుండా వేలితో తడిమితేనే ఏది ఏదో తెలియాలి. పెద్ద కోటు గుండీ సమయానికి. చల్లటి స్టీలు గుండీ నిజానికి. గుడ్డ తొడిగిన గుండీ మెత్తదనానికి. మామూలు నాలుగు కన్నాల చొక్కా గుండీ పనికొచ్చే మాటకి. మంచి మనసుకి మాత్రం పెట్టెలో ఏదీ నచ్చక, భార్య పాత స్వెట్టరు నుంచి ఊడిన చెక్క గుండీ ఇంటిదాకా వెళ్ళి తెచ్చుకున్నాడు. అయిదూ ప్యాంటు కుడి జేబులో పోసుకున్నాడు.

ఎనిమిదో మనిషి ఆ రోజే వచ్చింది. నలభై దాటిన ఆవిడ, పిల్లలు చేతికందాక మొదటిసారి ఇల్లు దాటి పనిలో చేరింది. ఎవరితో మాట్లాడినా తల వంచుకుని బల్ల అంచుకి చెబుతున్నట్టు చెప్పేది. మిషన్ల వాళ్ళు మధ్యాహ్నానికల్లా ఆవిడకి ఎనిమిదక్క అని పేరు పెట్టేసి, తొమ్మిదక్క ఎప్పుడొస్తుందోనని లెక్కలు వేసుకున్నారు.

మొదటి రోజే ఎనిమిదక్క గుడ్డని ఏటవాలుగా లాగింది. మాస్టరు ఒంటికాలి మీద లేవబోయి, చటుక్కున జేబులో చెయ్యి పెట్టాడు. సమయమేనా? అవును. నిజమేనా? గుడ్డ వంకరే, నిజమే. మెత్తగా... ఇక్కడ కాస్త తడబడ్డాడు. పనికొస్తుందా అనే గుండీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడే చూసుకుని గుడ్డ సరిచేసేసింది. ఇక అరవడానికి ఏమీ మిగల్లేదు.

అలా రెండు వారాలు గడిచాయి. కార్ఖానాలో ఎవరికీ ఊపిరాడలేదు. మాస్టరుకి పన్ను నొప్పని కొందరు, కాదు, డాక్టరు గొంతుకి ఆపరేషన్ చెప్పాడని కొందరు. కాలర్లు కుట్టే ఆవిడ జాలిపడి లవంగాలు తెచ్చిచ్చింది. ఇస్త్రీ ఆయన గంటకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, మాస్టరు నిజంగానే ఉన్నాడని చూసుకుని వెళ్ళేవాడు. ఆ అరుపు లేక తనకి పనిలో ఊపు రావడం లేదని ఆయన బాధ.

మాస్టరుకి మాత్రం కాళ్ళు నేల మీద నిలవలేదు. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే, "ఇవాళ పదకొండు అరుపులు మింగాను" అని చెప్పేవాడు.

"మింగినవన్నీ ఎక్కడ దాస్తున్నారండీ? ఇక్కడ కక్కితే మాత్రం ఊరుకోను" అనేది భార్య.

అంతటితో ఆగితే బాగుండేది. హాల్లో ఉన్న బుద్ధుడి బొమ్మ మొహం మీది ఆ చిరునవ్వు ఆయనకు తెగ నచ్చేసింది. అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. కళ్ళు సగం మూసి, పెదవులు కాస్త సాగదీసి, అరచెయ్యి ఎత్తి చూపడం. అది చూసి మావగారు, "అల్లుడుగారూ, కడుపులో ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు. ఆయనకేం తెలుసని మాస్టరు పట్టించుకోలేదు. పన్లో పనిగా కత్తి నడుపుతూ కూడా శ్వాసని గమనించడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఒక పెద్ద హోటలు వాళ్ళ పని వచ్చింది. చారల గుడ్డతో నూట ఇరవై చొక్కాలు, నిండు చేతులు, శనివారానికల్లా ఇవ్వాలి. ఆ చారల గుడ్డ సరిగ్గా కొలిచి తెప్పించింది, మళ్ళీ కావాలంటే దొరకదు. ఓనరమ్మ స్వయంగా వచ్చి ఆ మాట చెప్పి వెళ్ళింది.

ఇక్కడ చిన్న సంగతి ఒకటి చెప్పాలి. మామూలుగా ఆ బల్ల మీద గుడ్డని ఒక పొర ముఖం పైకి, తర్వాతి పొర ముఖం కిందికి పరుస్తారు. అప్పుడు చేతి నమూనా అట్ట ఒకచోట గీసి కోస్తే చాలు, కుడి చేతులూ ఎడమ చేతులూ వాటంతటవే జంటగా వస్తాయి. కానీ ఈ గుడ్డకి చారలు ఒకవైపే అచ్చు వేసి ఉన్నాయి. చారకి చార కలవాలంటే పొరలన్నీ ముఖం పైకే ఉండాలి. అప్పుడు అట్టని ఒకసారి మామూలుగా గీసి, రెండోసారి తిరగేసి గీయాలి. తిరగేయకపోతే రెండూ ఒకవైపు చేతులే వస్తాయి. ఇది మాస్టరుకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన విషయం.

ఆయన నిద్రలో ఉంటే బాగానే ఉండేది. ధ్యానంలో ఉన్నాడు. పొద్దున్నే ఎనిమిదక్కకి పొరలన్నీ ముఖం పైకే పరవమని చెప్పాడు. ఆవిడ అలాగే పరిచింది. ఆయన అట్ట పెట్టి గీశాడు, శ్వాస లోపలికి. అట్ట పక్కకి జరిపి మళ్ళీ గీశాడు, శ్వాస బయటికి. తిరగేయడం మర్చిపోయాడు.

బల్ల ఆ చివరనుంచి ఎనిమిదక్క తల కాస్త పక్కకి వంచి చూసింది. "మాస్టరుగారూ, ఆ చేతులు..." అంది.

మాస్టరు కళ్ళు సగం మూశాడు. చిరునవ్వు నవ్వాడు. అరచెయ్యి ఎత్తి చూపించాడు. ఎనిమిదక్క మిగతా మాట వదిలేసి గుడ్డ అంచు పట్టుకుంది. కరెంటు కత్తి నూట ఇరవై పొరల్లోంచి వెన్నలో దిగినట్టు దిగింది.

మర్నాడు మధ్యాహ్నం, చేతులు అతికించే ఆవిడ మిషను ఆపి, రెండు ముక్కలు పట్టుకుని లేచి నిలబడింది. "ఏమర్రా, ఈ హోటల్లో పనిచేసే వాళ్ళందరికీ రెండూ ఎడమ చేతులేనా?" అంది. ముందు నవ్వులు లేచాయి. తర్వాత ఒక్కొక్కరే తమ కట్టలు విప్పి చూసుకున్నారు. నవ్వులు తగ్గాయి. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. రెండువందల నలభై చేతులు, అన్నీ ఎడమవే.

ఓనరమ్మ గదిలోంచి వచ్చింది. కళ్ళజోడు అప్పటికే చేతిలో ఉంది.

"గుడ్డ పరిచింది ఎవరు?"

మిషన్ల మీద అజమాయిషీ చేసే ఆవిడ చెప్పింది, "ఎనిమిదక్కేనమ్మా. ఒకటి పైకి, ఒకటి కిందికి పరవాల్సింది, అన్నీ పైకే పరిచేసినట్టుంది. కొత్త మనిషి కదా."

అందరికీ అదే నిజమనిపించింది. ఇలాంటి పొరపాటు ఎప్పుడైనా అలాగే జరుగుతుంది మరి. ఎనిమిదక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్కసారి మాస్టరు వైపు చూసి, బల్ల అంచు వైపు తల దించేసుకుంది. అన్నీ పైకే పరవమన్న మాట విన్నది ఆవిడ ఒక్కతే, అన్నది ఆయన ఒక్కడే.

మాస్టరు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మనసు మాత్రం చకచకా పనిచేసింది. తను ఊరుకుంటే చాలు. ఎనిమిదక్క వెళ్ళిపోతుంది, అదీ తన నోటి మూలంగా కాదు, ఆవిడ పని బాగాలేక. ఓనరమ్మ షరతు తనకి తగలదు. నిజం చెబితే ఈ నష్టంతో తన పని అయిపోయినట్టే. రెండు వారాలుగా తను చేస్తున్నది కూడా ఊరుకోవడమే కదా! అరవకుండా, ఒక్క చెడ్డమాట అనకుండా, ఆ చిరునవ్వు అలాగే పెట్టుకుని ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేయవచ్చని ఆయనకు అప్పుడు అర్థమైంది. తన మీద తనకే రోత పుట్టింది.

అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి వెళ్ళింది. చల్లటి స్టీలు గుండీ వేలికి తగిలింది. కోటు గుండీ తడిమాడు. సమయమంటే ఇదే, ఇది దాటితే ఇక లేదు. గుడ్డ గుండీ, చొక్కా గుండీ, చెక్క గుండీ. రెండు వారాల్లో అయిదూ అవునన్న మాట ఇదొక్కటే.

"తప్పు నాదమ్మా" అన్నాడు. కానీ ఆ మాట బల్ల దాటలేదు.

"ఏంటి మాస్టరూ? వినపడలేదు" అంది ఓనరమ్మ.

అంతే, ఇరవై ఆరేళ్ళ అలవాటు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"తప్పు నాదీ అంటున్నాను! పొరలన్నీ పైకే పరవమన్నది నేను! ఆవిడ చెప్పినట్టే పరిచింది! అట్ట తిరగేయకుండా గీసింది నేనే!"

ముప్ఫై ఆరో మిషను మీదున్న ఆవిడ కూడా ఉలిక్కిపడింది. ఇస్త్రీ ఆయన గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, "హమ్మయ్య!" అనేశాడు. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఓనరమ్మని చూసి ఆపుకున్నారు.

ఓనరమ్మ కళ్ళజోడు తుడవడం మానేసింది. దాన్ని మళ్ళీ కళ్ళకి పెట్టుకుంది. "సరే. మీ సంగతి శనివారం మాట్లాడతాను. గుడ్డ మళ్ళీ దొరకదు. ఇప్పుడీ చొక్కాలు ఎలా?"

అప్పుడు బల్ల అంచు దగ్గరనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అమ్మా, కాలర్లూ, కఫ్‌లూ, జేబులూ ఇంకా కొయ్యలేదు. వాటికని గుడ్డ విడిగా ఉంచాం కదా. అందులోంచి కుడి చేతులు తీసేసి, ఎక్కువైన ఎడమ చేతుల్లోంచి కాలర్లూ జేబులూ తీస్తే... నిన్న రాత్రి పడుకోబోతూ వేళ్ళతో కొలిచి చూసుకున్నాను. సరిపోతాయనుకుంటా."

మాస్టరు నోరు వెళ్ళబెట్టాడు. "నిన్ననే తెలుసా నీకు?"

"అనుమానం వచ్చింది మాస్టరుగారూ. చెప్పబోయాను కూడా. మీరు నవ్వారు."

"నవ్వితే?"

"భయమేసింది. అందరూ మీరు అరుస్తారని చెప్పారు, దానికైతే తయారయ్యే వచ్చాను. అరిస్తే నేనేం తప్పు చేశానో తెలుస్తుంది. ఆ నవ్వేంటో నాకు తెలియలేదండీ."

ఈసారి నవ్వు ఎవరూ ఆపుకోలేదు. మాస్టరుకి చెవులు ఎర్రబడ్డాయి. రెండు వారాలుగా తను ప్రపంచశాంతి పంచుతున్నాననుకుంటే, బల్ల ఆ చివర ఈ మనిషి రోజూ గడగడలాడుతోందన్నమాట!

శనివారానికి మిగిలిన రెండు రోజులూ ఇద్దరూ కలిసి ఆ బల్లని వదల్లేదు. ఒక్కో చేతిముక్కలో కాలరు అడ్డంగా, కఫ్‌లు పక్కన, జేబు మూలన పెట్టి గీశారు. ఎక్కడ ఏది పడుతుందో ఎనిమిదక్క చెబితే మాస్టరు గీశాడు. శ్వాస సంగతి దానికే వదిలేశాడు. ఒకచోట ఆవిడ కాదంటే చాక్ గీత చెరిపేశాడు కూడా. చిన్నాన్న చూసుంటే అక్కడికక్కడే విరుచుకుపడేవాడు. చివరికి రెండు జేబులు తక్కువొచ్చాయి. గీతలకీ గీతలకీ మధ్య మిగిలిన ముక్కలు వెతికి, చార కలిపి అవీ తీశారు.

శనివారం చొక్కాలు వెళ్ళిపోయాయి. సాయంత్రం ఓనరమ్మ మాస్టరుని పిలిచింది. ఆయన అలమారలోని సొంత కత్తెర కాగితంలో చుట్టుకుని మరీ వెళ్ళాడు.

"అదేంటి చేతిలో?" అంది ఆవిడ.

"కత్తెరమ్మా. మీరు వెళ్ళమంటే..."

"ఎనిమిదక్క మానేస్తే మీరూ మానేయండన్నాను. ఆవిడ మానేసిందా?"

"లేదమ్మా."

"మరి మీరెందుకు మానేస్తారు? తప్పు ఎవరిమీదకి తోసేస్తారోనని చూశాను. తోయలేదు, నాకది చాలు." తలుపు దాకా వెళ్ళిన మాస్టరుని మళ్ళీ పిలిచి, "ఆ నవ్వు మాత్రం ఇక్కడ నవ్వకండి" అంది.

మాస్టరు వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న బల్ల ఆ సాయంత్రం ఎంతో అందంగా కనిపించింది.

ఆదివారం హాల్లో ఈ కథంతా విని భంతే చాప మీద పొర్లినంత పనిచేశాడు. "ఓరి నాయనా, శ్వాసని గమనించమన్నాను గానీ కత్తి పట్టుకుని గమనించమన్నానా? కత్తి చేతిలో ఉన్నప్పుడు కత్తినీ గుడ్డనీ చూడు. మనిషి మాట్లాడుతున్నప్పుడు మనిషి మాట విను. అదే ధ్యానం." పక్కనే మావగారు కళ్ళు మూసుకుని తల ఊపాడు. విని ఊపాడో, తూగి ఊపాడో ఎవరికీ తెలియలేదు.

సోమవారం కొత్త పని మొదలైంది, బడిపిల్లల యూనిఫారాలు. ఎనభై పొరలు పరిచారు. మాస్టరు గీతలు గీసి, కత్తి స్విచ్చి వేసి, గుడ్డ అంచుకి తీసుకెళ్ళాడు.

"ఆపండీ!"

కార్ఖానా దద్దరిల్లింది. మిషన్లు ఠక్కున ఆగాయి. అందరూ అలవాటుగా మాస్టరు వైపు చూశారు. ఆయన నోరు మూసే ఉంది. బల్ల ఆ చివర ఎనిమిదక్క, తల నిటారుగా ఎత్తి, వేలు చాచి నిలబడి ఉంది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారు మాస్టరుగారూ? అడుగు పొర రెండు వేళ్ళు లోపలికి జారిపోయింది! అలాగే కోసేస్తారా?"

మాస్టరు కత్తి ఆపి వంగి చూశాడు. నిజంగానే జారింది. చెయ్యి జేబులోకి వెళ్ళి గుండీలు ఒక్కొక్కటే తడిమింది. సమయానికే వచ్చింది. నిజమే. పనికొచ్చింది. మంచి మనసుతోనే అంది. గుడ్డ తొడిగిన గుండీ దగ్గర వేలు కాసేపు ఆగింది. అందులో మెత్తదనం మాత్రం మచ్చుకైనా లేదు.

ఆ ఒక్క గుండీని తీసి ఎడమ జేబులో వేసుకుని, "నాలుగు చాల్లేమ్మా, రా, సరిచేద్దాం" అన్నాడు.